సామెతల పేజీకి ఆట నేర్పిస్తున్నా: ఆరో వారం

మా ఇంటి వాట్సాప్ గ్రూపు కోసం సరదాగా మొదలుపెట్టిన వెబ్ పేజీ ఇది. మొదట్లో ఉత్త జాబితా, 120 సామెతలు వరసగా. అందరూ ఒకసారి చూసి "బాగుందిరా" అన్నారు, మళ్లీ ఎవరూ తొంగిచూడలేదు. ఇప్పుడు రోజుకో సామెత, అందులో ఒక మాట ఖాళీ, ఆరు ప్రయత్నాలు. వస్తున్నారు. ఏది పెడితే వచ్చారో, ఏది పీకేస్తే ఉన్నారో మర్చిపోకముందే రాసుకుంటున్నా.

మొదటి దెబ్బ గళ్ల దగ్గరే తగిలింది. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం"లో చివరి మాట దాచి, దాని పొడవును బట్టి గళ్లు గీయమన్నా. పేజీని నడిపే జావాస్క్రిప్ట్ పదమూడు గళ్లు గీసింది! మన కంటికి బ్ర, హ్మా, స్త్రం, మూడే కదా. కానీ కంప్యూటర్లు అక్షరాల్ని కోడ్లుగా దాచే పద్ధతి అయిన యూనికోడ్‌లో హల్లు, పొల్లు, గుణింతం గుర్తు, సున్నా అన్నీ విడివిడి కోడ్లు. ఒక్క "స్త్రం"లోనే ఆరున్నాయి. మాటను అక్షరాలుగా విడగొట్టే జావాస్క్రిప్ట్ పనిముట్టు ఇంట్ల్.సెగ్మెంటర్‌కి అప్పగిస్తే నా క్రోమ్‌లో మూడొచ్చాయి, తమ్ముడి పాత ఫోన్‌లో ఏడు. ఒత్తుల్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది మరి. విసుగొచ్చి సొంత రెజెక్స్ (అక్షరాల నమూనాని పట్టుకునే సూత్రం) రాసుకున్నా: ఒక హల్లు, వెనకాల ఎన్ని పొల్లు-హల్లు జతలుంటే అన్నీ, ఆపైన గుణింతం, సున్నా. చివర్లో ఒంటరిగా పొల్లు మిగిలితే అది ముందు అక్షరానికే. రెండు సాయంత్రాలు పట్టింది.

తర్వాత "వరస రోజులు", అంటే నాగా లేకుండా ఎన్ని రోజులు ఆడారో ఆ లెక్క. నెల్లూరు పిన్ని ఫోన్ చేసి, "ఏరా, నిన్నా ఆడాను, ఇవాళా ఆడాను, మళ్లీ ఒకటి అంటుందేంటి?" అని నిలదీసింది. సోమవారం పొద్దున పావు తక్కువ ఐదుకి ఆడిందట, మంగళవారం తొమ్మిదికి. తేదీ కోసం నేను వాడిన జావాస్క్రిప్ట్ ఫంక్షన్ టుఐఎస్ఓస్ట్రింగ్ ఇచ్చేది యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం. మనకి తెల్లవారుజామున ఐదున్నర అయ్యేదాకా దానికి నిన్నే. పిన్ని సోమవారం ఆట ఆదివారం ఖాతాలో పడి, మధ్యలో ఒక రోజు ఎగిరిపోయింది. ఇప్పుడు ఫోన్‌లో ఏ తేదీ ఉంటే అదే లెక్క. డల్లాస్ బావకి కూడా కొత్త సామెత వాళ్ల అర్ధరాత్రికే మారుతుంది. వారానికి ఒక నాగా మాఫీ అని కూడా పెట్టా. గొలుసు తెగిందని అలిగి అసలు రావడం మానేసినవాళ్లు ఇద్దరున్నారు మరి. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్ 2016లో ప్రొఫైళ్లలోంచి ఈ వరస లెక్కే తీసేసిందని గుర్తొచ్చింది. నేను తియ్యలేదు, అక్షరాలు చిన్నవి చేశా.

పాయింట్ల పట్టిక మాత్రం పీకేశా. పన్నెండు రోజులు బతికింది. మామయ్య మొదటి వారంలోనే పైకెక్కి కూర్చున్నాడు, కింద ఉన్న పిల్లలు లెక్క చూసుకుని ఆపేశారు. తీసేసిన మర్నాడు మామయ్య తప్ప ఎవరూ అడగలేదు.

దాని బదులు "సామెతల పెట్టె" పెట్టా. కనుక్కున్న సామెత అర్థంతో సహా అందులో చేరుతుంది. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. అయితే అంతా ఎవరి బ్రౌజర్‌లో వాళ్లకే దాచే లోకల్‌స్టోరేజ్‌లో ఉంది. అక్క ఊరెళ్లి రెండు వారాలు పేజీ తెరవకపోయేసరికి ఐఫోన్‌లో పెట్టె ఖాళీ. సఫారీ (ఐఫోన్‌తో వచ్చే బ్రౌజర్) వాడుతూ ఏడు రోజులపాటు ఒక సైటుని ముట్టకపోతే స్క్రిప్టు దాచిన డేటాని అది తుడిచేస్తుంది. లాగిన్ పెట్టడం నాకిష్టం లేదు. సామెతకో బిట్ (దొరికితే 1, లేకపోతే 0) చొప్పున 120 బిట్లు, ఆరేసి బిట్లని ఒక అక్షరంగా రాసే బేస్64లో ఇరవై అక్షరాలు. వాటిని లింకు చివర తగిలించి "దాచుకో" అనే బటన్ ఇచ్చా. ఆ లింకుని వాట్సాప్‌లో తనకు తానే పంపుకుంటే చాలు. లింకు దిద్ది దొంగాట ఆడొచ్చు. ఆడుకోనీ, ఇక్కడ బహుమతులేం లేవుగా.

ఫలితం పంచుకునే రంగు గళ్లు వర్డల్ అనే ఇంగ్లీషు మాటల ఆట చూసి పెట్టినవే. జవాబు కనపడదు కాబట్టి ఇండియా వాళ్లు ముందే ఆడేసినా బావకి ఆట చెడదు.

ఈ వారం కొత్త పంచాయితీ: "ఊరందరిదీ ఒక దారి"లో నేను ఉలిపికట్టె అని పెట్టా, మామయ్య ఉలిపిరికట్టె అని కొట్టి ఓడిపోయాడు. ఒక్కో ఖాళీకి రెండు మూడు జవాబులు ఒప్పుకోవాలంటే గళ్లు ముందే ఎన్ని గీయాలి? ప్రస్తుతానికి పాఠాంతరాలున్న పదిహేడు సామెతల్ని పక్కన పెట్టా.