ఎర్రచందనం ఆగిపోయే చోట

తూర్పు కనుమలను పటంలో ఒకే వరుసగా గీయడం మనకు అలవాటు. పూలు పూసే మొక్కల్లో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో గుర్తిస్తూ పోతే మాత్రం ఆ వరుస విడివిడి సీమలుగా తేలుతుంది. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో సాలవృక్షం ఉంది; ఒడిశా అడవులతో ఆ కొండలకున్న చుట్టరికానికి అదే ఆనవాలు. గోదావరి, కృష్ణ దాటి కడప, తిరుపతి కొండలకు చేరేసరికి సాలవృక్షం ఉండదు. దాని దగ్గరి బంధువైన తంబ జాలారి, ఎర్రచందనం, మొగి, కొండ సాంబ్రాణి, తెల్లకరక అక్కడ కనిపిస్తాయి. ఎర్రచందనం ఈ దక్షిణపు కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు.

మోదుగ వంటి చెట్టు అంతటా ఉంటుంది కనుక హద్దు గీయడానికి అది పనికిరాదు. కొద్దిచోట్లకే పరిమితమైన జాతులు పెరిగే చోట్లను, జాతికో పటంగా పల్చని కాగితాల మీద గుర్తించి, ఆ కాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చి చూశాను. వాటి అంచులు దగ్గరదగ్గరగా వచ్చిన చోటే సహజ సీమకు హద్దు అని నా నమ్మకం. (ఈతచెట్టును తలపించే పేరిత పూలు పూసే మొక్క కాదు గనుక ఈ లెక్కలోకి రాదు, అయినా ఈ సీమ గురించి దాన్ని తలవకుండా రాయలేను.) ఈ పనిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి పటంలోని ఖాళీలు. పాత గ్రంథాలు చాలాచోట్ల ‘కడప కొండలు’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటాయి. ఎండబెట్టి దాచిన నమూనాలు దారి ఉన్న తిరుమల, తలకోన వంటి చోట్ల నుంచే ఎక్కువగా వస్తాయి. కాబట్టి ఖాళీగా కనిపించేది మొక్క లేని చోటో, మనిషి వెళ్ళని చోటో తేల్చకుండా హద్దు గీస్తే అది తప్పుడు గీత అవుతుంది.

జాతుల సంఖ్యనే కొలబద్దగా తీసుకుంటే మన మెట్ట కొండలు వెనుకబడతాయి. మరెక్కడా పెరగని మొక్కజాతులు కనీసం 1,500 ఉండాలన్న నియమంతో ప్రపంచ జీవవైవిధ్య కీలక ప్రాంతాలను ఎంచినప్పుడు పశ్చిమ కనుమలకూ శ్రీలంకకూ కలిపి చోటు దక్కింది గానీ తూర్పు కనుమలకు దక్కలేదు. ఒక్కో సహజ సీమ నుంచి కొంత భాగమైనా కాపాడాలన్న పద్ధతే నాకు న్యాయంగా తోస్తుంది.

2010లో సుమారు 4,755 చదరపు కిలోమీటర్ల మేర శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించడం మంచి పని. అయితే ఎర్రచందనం ఆ గీత దగ్గర ఆగలేదు. నెల్లూరు వైపు వెలికొండల్లోనూ పెరుగుతోంది. తరువాతి సర్వే అక్కడి నుంచే మొదలుకావాలని కోరుకుంటున్నాను.