మూత్రం రాని తొమ్మిది రోజులు: నా అనుభవం

పర్లాకిమిడిలో 34 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, రెండు నెలల క్రితం విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె రక్తనాళాలు మూడింటికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. యాంజియోగ్రాం గాని, రక్తదాతల కోసం వెతుకులాట గాని, అసలు ఆపరేషన్ గాని నన్ను పెద్దగా బాధపెట్టలేదు.

కష్టమంతా మర్నాడు మొదలైంది. నా బరువు 60 కిలోలు కాబట్టి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలట. ఆరు గంటలపాటు అంతకంటే తక్కువ వస్తే కిడ్నీలు దెబ్బతిన్నట్టే లెక్కిస్తారట. నాకు పది కూడా రాలేదు. కిడ్నీలు వడగట్టి బయటకు పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్, రక్తంలో సాయంత్రానికి 2.1కి, మరుసటి ఉదయానికి 3.8కి చేరింది, పొటాషియం కూడా పెరిగింది.

అప్పుడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కేసు షీటులో మా ఊరి పేరు చూసి, ఐసీయూ తలుపు దగ్గర పదిమందీ వింటుండగా నా భార్యతో, "ఉద్దానం దగ్గరే కదా, ఈయనకు కిడ్నీ జబ్బు ముందే ఉండి ఉంటుంది, దాచిపెట్టి తీసుకొచ్చారు," అన్నాడట. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. వెంటనే డయాలసిస్‌కు సంతకం పెట్టమన్నాడట. ఆమె పుట్టిల్లు ఆ ఉద్దానంలోని కంచిలి. సొంత అన్నగారు అయిదేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఆ మాటకు ఆమె ఎరిగిన అర్థం ఒక్కటే, అందుకే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలం పట్టలేదు. ఆమెను మొండి మనిషి అన్నవాళ్లున్నారు; నేను అనను.

సాయంత్రం వచ్చిన పెద్ద కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని విడమరచి చెప్పారట. గుండెను ఆపి కుట్లు వేసేటప్పుడు రక్తాన్ని యంత్రం తిప్పుతుందనీ, ఆ ప్రవాహంలో నాడి కొట్టుకోవడం ఉండదనీ, రక్తపోటు తగ్గడం వల్లా, యంత్రంలో ముందుగా నింపిన ద్రవంతో రక్తం పలచబడడం వల్లా కిడ్నీలకు ప్రాణవాయువు చాలదనీ, పంపులో చితికిన ఎర్రకణాల నుంచి వెలువడే హిమోగ్లోబిన్ కూడా వాటికి భారమవుతుందనీ వివరించారట. ఉద్దానం జబ్బు ఏళ్ల తరబడి కొరికే చెద అయితే, ఇది ఒక్క పూటలో తగిలిన దెబ్బ అనీ, చాలామందికి కిడ్నీలు తిరిగి కోలుకుంటాయనీ అన్నారట. స్కానింగులో నా కిడ్నీలు కుంచించుకుపోలేదని కూడా చూపించారు. అప్పుడు నా భార్య పసుపు సంచిలోంచి, ఆపరేషన్‌కు పది రోజుల ముందు మా ఊరి ల్యాబులో చేయించిన పరీక్ష కాగితం తీసి ఆ కుర్ర డాక్టరుకు ఇచ్చింది. క్రియాటినిన్ 0.9. కాగితాలను తేదీల వరుసలో దాచడం ఆమెకు నేర్పింది నేనే. ఆయన చదివి, మాట్లాడకుండా ఫైలులో పెట్టుకున్నాడు. క్షమించమన్న మాట ఈనాటి వరకూ రాలేదు.

మెడలో గొట్టం పెట్టి, రోజు విడిచి రోజు, నాలుగేసి గంటల చొప్పున మూడుసార్లు డయాలసిస్ చేశారు. దాహమే భరించలేకపోయాను, నీళ్లు కొలిచి ఇచ్చేవారు. ఇంతలో మా బావమరిది, ఒంటికి చలవ అని కొబ్బరిబొండాలు మోసుకొచ్చాడు. పొటాషియం పెరిగినవాడికి కొబ్బరినీళ్లు పనికిరావని నర్సు మందలిస్తే అలిగి ఊరికి వెళ్లిపోయాడు. పదో రోజు తెల్లవారుజామున మూత్రం సంచి నిండింది, చూడడానికి వచ్చిన నా భార్య ఆ సంచికే దండం పెట్టింది.

నా తప్పు కూడా ఒకటుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు ఆపరేషన్‌కు వారం ముందు వరకూ రోజుకు రెండేసి వేసుకున్నాను; అవి కిడ్నీలకు చేటు చేస్తాయని తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. గుండె ఆపరేషన్‌కు వెళ్లేవారు వేసుకునే మాత్రలన్నీ, షాపువాడు చేతిలో పెట్టినవి కూడా, చీటీ మీద రాసుకుని వెళ్లాలి. ఊళ్లో చేయించిన పాత రక్తపరీక్ష కాగితం మాత్రం ఎవరు అడిగినా అడగకపోయినా దగ్గర ఉంచుకోవాలి.

నిన్నటి పరీక్షలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఆ కాగితమూ పసుపు సంచిలోకే చేరింది.