మాస్టారు అడిగిన మిర్చి పట్టీలు

2011లో మన బడిలో పది పాసయ్యాను. ఆ తర్వాత ఇంటర్, మెకానికల్ ఇంజనీరింగ్, బెంగళూరులో ఉద్యోగం. 2017 నవంబరులో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తే జనవరిలో ఫలితం వచ్చింది, ఇంటర్వ్యూ పిలుపులు మొదలయ్యాయి. అప్పుడు మన సోషల్ మాస్టారు నాకు చేసిన సాయం గురించి రాయడానికి ఈ సంచిక కన్నా తగిన చోటు లేదు.

మొదటి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను. "ఎంబీఏ ఎందుకు?" అంటే చెప్పాల్సిన జవాబు, కోచింగ్‌లో ఇచ్చిన కాగితం చూసి బట్టీపట్టి వెళ్లాను. రెండో వాక్యానికే ఒక ప్రొఫెసర్ ఆపేశారు. "మీది గుంటూరు జిల్లా కదా, నిరుడు మిర్చి ధర ఎందుకు పడిపోయింది?" అన్నారు. దిగుబడి పెరిగిందన్నాను. ఎందుకు పెరిగింది, ధర ఎంత పడింది అంటే నోరు పెగల్లేదు. మాకు రెండెకరాల మిరప తోట ఉంది. ఆ ఏడాది ఇంట్లో ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. లెక్క మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ శనివారమే ఊరొచ్చి మాస్టారింటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. అంతా విని, "మీ క్యాట్ సంగతి నాకు తెలీదమ్మాయ్. ముందు మీ నాన్న దగ్గర పట్టీలుంటాయి, పట్టుకురా" అన్నారు.

పట్టీలంటే కాయ అమ్మినప్పుడు కమీషన్ కొట్టువాళ్లు రాసిచ్చే లెక్క చీటీలు. వాటిని నాన్న పాసుపుస్తకం సంచిలో మడిచి దాచారు. అన్నిటికన్నా పైనున్నది 2017 ఏప్రిల్‌ది. 34 టిక్కీలు (బస్తాలు), 15 క్వింటాళ్ల 20 కిలోలు, క్వింటా 4,200. దాని కింద కమీషన్, హమాలీ, కాటా కూలి ఒక్కొక్కటిగా కోసి, చివర మిగిలింది రాశారు. ముందేడాది పట్టీలో ధర 11,000.

ఆ రాత్రి నాన్నను అడిగాను. "ముందేడు రేటు చూసి పత్తి వేసేవాళ్లూ మిరపకే దిగారు. కౌలూ పెరిగింది. అందరి కాయా ఒక్కసారే యార్డుకొచ్చి పడింది" అన్నారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు కదా అన్నాను. "పెట్టొచ్చమ్మా. పురుగుమందుల కొట్టు బాకీ ఆగదుగా." మే నెలలో కేంద్రం క్వింటా 5,000కు కొనిపిస్తామని ప్రకటించేసరికే మా కాయ అమ్ముడైపోయింది.

మర్నాడు మాస్టారు ఇదంతా నాతో మూడుసార్లు చెప్పించారు. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో, ఆఖరిసారి రెండు నిమిషాల్లో. నేను 'డిమాండ్ సప్లై మిస్‌మ్యాచ్' అనగానే చెయ్యెత్తి ఆపి, "ఆ మాటకు అర్థం మీ నాన్నకు చెప్పినట్టు చెప్పు" అన్నారు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి అక్కడే ఆగమన్నారు. తొమ్మిదో తరగతిలో మ్యాపు ముందు నిలబెట్టినప్పుడూ ఆయన ఈ మాటే అనేవారు. మన బ్యాచ్‌వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మిగతా తయారీ నేనే చేసుకున్నాను. ఇంజనీరింగ్‌లో థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ రెండే పట్టుకుని మొదట్నుంచీ చదివాను. అప్లికేషన్ ప్రింటు తీసి, అందులో రాసిన ప్రతి మాట మీదా ఏం అడగొచ్చో పక్కన రాసుకున్నాను. ఇంటర్వ్యూలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి 1 బడ్జెట్ మీద ప్రశ్న దాదాపు ఖాయం.

నాకూ అదే వచ్చింది. ఆ బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అనే పథకం ప్రకటించారు. "మిర్చినీ అందులో చేర్చాలంటారా?" అని అడిగారు. టమాటా నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది, ఎండుమిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉంటుంది, కాబట్టి రెంటికీ ఒకే మందు పనిచేయదన్నాను. మిర్చి రైతుకు కావలసింది సరుకు దాచుకున్నన్నాళ్లూ బాకీ తీర్చుకునే వీలు, అంటే నిల్వ రసీదు మీద తక్కువ వడ్డీకి అప్పు అని చెప్పి, 4,200 పట్టీ సంగతి చెప్పాను. ప్యానెల్‌లో ఒకాయన కాగితం మీద సాలెగూడులా చుట్టలు గీసి చూపించారు. ఈ ఏటి ధర చూసి వచ్చే ఏటికి పంట వేస్తే ధర, విస్తీర్ణం ఒకదాని వెంట ఒకటి ఇలాగే తిరుగుతుంటాయట. "దీన్ని కాబ్‌వెబ్ అంటారు, విన్నావా?" అన్నారు. "లేదు సార్, ఇప్పుడే వింటున్నాను" అన్నాను.

విశాఖపట్నం ఐఐఎంలో సీటొచ్చింది. అప్పట్లో క్లాసులు ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలోనే జరిగేవి. ఫలితం తెలియగానే నాన్నకు, తర్వాత మాస్టారికి ఫోన్ చేశాను. సీటు మాట వినగానే మాస్టారు సంతోషపడ్డారు. వెంటనే, "ఆ గీసిన బొమ్మ ఏదో అన్నావే, దాని పేరేంటి? ఉండు, పెన్ను తెచ్చుకుంటా. అక్షరం అక్షరం చెప్పు" అన్నారు.