ఎక్స్‌టన్ చేయాల్సిన హత్య

రాత్రి పదకొండు దాటాక మా అక్క కూతురు ఏడుస్తూ ఫోన్ చేసింది. "పిన్నీ, ఓమెర్ల్ ఎందుకలా చేశాడు?" అంది. నేనూ అప్పుడే 'రిచర్డ్ ది సెకండ్' సినిమా చూడటం ముగించి, కోపంతో నిద్ర పట్టక కూర్చుని ఉన్నాను. తనది ఏడుపు, నాది కోపం, కారణం ఒక్కటే. ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్‌ని అతని స్నేహితుడు ఓమెర్ల్ చంపేశాడు.

"షేక్‌స్పియర్ నాటకంలో చంపేది అతను కాదమ్మా, ఎక్స్‌టన్" అన్నాను.

ఏడుపు ఆగింది. "ఎక్స్‌టన్ ఎవరు?"

ఆ ప్రశ్నకు ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ టపా.

లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో బీబీసీ షేక్‌స్పియర్ చరిత్ర నాటకాలు నాలుగింటిని 'ద హాలో క్రౌన్' పేరుతో సినిమాలుగా ఇచ్చింది. వాటిలో మొదటిది 'రిచర్డ్ ది సెకండ్'. దర్శకుడు రూపర్ట్ గూల్డ్, రిచర్డ్‌గా బెన్ విషా. పాడింగ్టన్ ఎలుగుబంటికి గొంతిచ్చింది ఈయనేనని మా పిల్ల చూసింది. నేను నాటకం కోసం చూశాను. నా పుస్తకానికి అట్ట ఎప్పుడో ఊడింది, అంచుల నిండా పెన్సిల్ రాతలే.

విషా విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ నాటకం మొత్తం పద్యమే, మచ్చుకి ఒక్క వచన వాక్యం ఉండదు. నాటకంలో పద్యమంటే గొంతెత్తి రాగం తీసేదే అనుకుంటూ పెరిగినదాన్ని నేను. ఆయన దాన్ని ఊపిరి తీసుకున్నంత మెల్లగా పలికాడు. పెంపుడు కోతితో ముచ్చట్లాడే ఆ సుకుమారపు రాజు, కిరీటం అప్పగించే సన్నివేశానికి వచ్చేసరికి ఎంత ఎదిగాడో! ఇస్తానంటాడు, ఇచ్చినట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం వదలదు. 1597లో ఈ నాటకం తొలిసారి అచ్చయినప్పుడు ఆ సన్నివేశం అందులో లేదు. ఎలిజబెత్ రాణి పోయిన అయిదేళ్ళకు, 1608 ప్రతిలో గానీ అది జనం చదవడానికి దొరకలేదు. సింహాసనం మీదున్నవాళ్ళను దింపవచ్చని చూపించే ఆ కొద్ది పేజీలకు అంత బలం ఉందన్నమాట. ఈ పాత్రకు విషాకి 2013లో బ్రిటిష్ టీవీ అవార్డు బాఫ్టా వచ్చింది. రావాల్సిందే.

ఇక ఓమెర్ల్ సంగతి. ఇంగ్లీషులో ఈ నాటకంలో అందరూ ఒకరినొకరు 'కజిన్' అనే పిలుచుకుంటారు. మనకైతే దాయాది అని ఉన్నమాట చెప్పే మాట ఒకటుంది. రిచర్డ్ పెద్దాయన కొడుకు. ఆ పెద్దాయన తమ్ముళ్ళలో గాంట్ కొడుకు బోలింగ్‌బ్రోక్, యార్క్ కొడుకు ఓమెర్ల్. ఒక దాయాది బోలింగ్‌బ్రోక్ సింహాసనం లాక్కుని నాలుగో హెన్రీ అవుతాడు. ఇంకో దాయాది ఓమెర్ల్ ఓడిపోతున్న రాజు పక్కనే నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ఫ్లింట్ కోట మీద, తన రాజ్యం చేజారిపోతున్న ఆ ఘడియలో కూడా రిచర్డ్ ఆ కన్నీళ్ళను గమనించి, నీది మెత్తని మనసు అంటాడు. అలాంటివాడి చేతికి గూల్డ్ విల్లు ఇచ్చాడు. బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్ బొమ్మలా రిచర్డ్ నేలకొరుగుతాడు.

మా పిల్లకు గుండె పగిలింది అక్కడే. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితురాలు మాత్రం దర్శకుడి పక్షం. "ఆలోచించవే, కొత్త రాజు మీద కుట్ర చేసి దొరికిపోయాడు. తల్లి కాళ్ళావేళ్ళా పడితే ప్రాణం దక్కింది. ఇక విశ్వాసం రుజువు చేసుకోవాలంటే పాత స్నేహితుడి తల తప్ప ఏముంది అతని దగ్గర?" అంది. రెండు రోజులు ముగ్గురం వాదించుకున్నాం. ఆమె మాటలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కుట్ర బయటపడక ముందే కన్నతండ్రి యార్క్ భార్యతో, రిచర్డ్ స్నేహితుడైనందుకు వీడికి ఓమెర్ల్ పదవి పోయింది, ఇకపై రట్లాండ్ అని పిలువు అంటాడు. కన్నవాళ్ళ నోటే పేరు పోగొట్టుకున్నవాడు ఎంతకైనా తెగించవచ్చు.

అయినా నేను ఎక్స్‌టన్ వైపే.

ఎందుకంటే అతను ఎవరూ కాదు. చివరి అంకం దాకా కనబడడు. కనబడ్డప్పుడు కూడా పట్టుమని పదిపన్నెండు పంక్తుల సీను. "రాజుగారన్న మాట విన్నావా? ఈ బతికున్న భయాన్ని వదిలించే స్నేహితుడే నాకు లేడా అన్నారు" అని పక్కవాణ్ణి అడుగుతాడు. బతికున్న భయమంటే చెరలో ఉన్న రిచర్డ్. కొత్త రాజు బోలింగ్‌బ్రోక్ ఆ మాట రెండుసార్లు అన్నారట. అంటూ తనవైపే చూశారట. అంతే. ఆజ్ఞ లేదు, కాగితం లేదు, ఉన్నదల్లా ఒక చూపు. ఆ చూపును తనకు నచ్చినట్టు చదువుకుని పాంఫ్రెట్ కోటలోని చెరసాలకు వెళ్ళి హత్య చేసి, శవాన్ని తెచ్చి రాజు ముందు పెడతాడు. రాజేమంటాడు? అతను చావాలని కోరుకున్నాను గానీ, చంపినవాణ్ణి అసహ్యించుకుంటున్నాను అంటాడు.

ఈ నాటకంలో నన్ను అన్నిటికన్నా వణికించేది ఇదే. ఓమెర్ల్ చంపితే అది స్నేహద్రోహం. ఏడుస్తాం, ఎందుకు ఏడుస్తున్నామో తెలుస్తుంది. ఎక్స్‌టన్ చంపితే రిచర్డ్‌కి తనను చంపుతున్నవాడితో ఏ బంధమూ ఉండదు, తిట్టుకోవడానికి ఒక జ్ఞాపకం కూడా ఉండదు. అధికారం చేతులు మారిన కొత్తలో, పెద్దల కంట్లో పడాలని కాచుకుని కూర్చునేవాళ్ళు ప్రతి ఆస్థానంలోనూ ఉంటారు. షేక్‌స్పియర్‌కి కావలసింది ఆ మనిషి. అతన్ని తీసేస్తే కథ కుటుంబం లోపలికి ముడుచుకుపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది, దీన్ని స్నేహితురాలికి చూపించినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. చరిత్రలో తండ్రి పోయాక ఈ ఓమెర్లే యార్క్ డ్యూక్ అయ్యాడు. 1415లో అజిన్‌కోర్ట్ యుద్ధంలో చనిపోయాడు. షేక్‌స్పియర్ 'హెన్రీ ది ఫిఫ్త్' నాటకంలో ముందువరస తనకిమ్మని మోకరిల్లి అడిగి, అక్కడే ప్రాణం వదిలే యార్క్ అతనే. అదే యుద్ధానికి ముందురాత్రి బోలింగ్‌బ్రోక్ కొడుకు అయిదో హెన్రీ, తండ్రి చేసిన పాపాన్ని ఈరోజు తలచుకోవద్దని దేవుణ్ణి వేడుకుంటాడు. రిచర్డ్ దేహాన్ని తిరిగి గౌరవంగా పాతిపెట్టించానని చెప్పుకుంటాడు. 'హాలో క్రౌన్' నాలుగో సినిమా ఆ నాటకమే, అందులో యార్క్‌గా పాటర్సన్ జోసెఫ్ వేశాడు, మొదటి సినిమాలో ఓమెర్ల్ టామ్ హ్యూస్. రిచర్డ్‌ని చంపిన చెయ్యే తెల్లారి హెన్రీ ముందు మోకరిల్లుతోందని గుర్తు చేసుకుంటూ చూస్తే ఆ ప్రార్థన ఇంకెంత బరువెక్కేదో! మార్పు చేశారు సరే, దాన్ని చివరిదాకా మోయలేదు. నా అసలు బాధ అది.

మూడో రోజు మా పిల్ల నాటకం చదువుతానంది. వీడియో కాల్‌లో ఇద్దరం పుస్తకాలు తెరిచి, చెర సన్నివేశం నుంచి మొదలుపెట్టాం. తను రిచర్డ్, మిగిలిన అందరూ నేను. ఒకప్పుడు రాజుగారి గుర్రాలను చూసుకున్న మనిషి చెరలో చూడటానికి వస్తాడు. పట్టాభిషేకం రోజున బోలింగ్‌బ్రోక్ మీ గుర్రం బార్బరీ మీదే ఎక్కి ఊరేగాడని చెబుతాడు. అతన్ని మోస్తూ ఎలా నడిచింది అని రిచర్డ్ అడుగుతాడు. నేల తనకు తగదన్నంత గర్వంగా నడిచిందంటాడు ఇతను. రిచర్డ్ ఆ గుర్రాన్ని తిడతాడు, వెంటనే దాన్నే క్షమించమంటాడు. మోయడానికే పుట్టినదాన్ని తిట్టానే అని.

అక్కడ తను ఆగిపోయింది. "గుర్రానికి కూడా సారీ చెప్పాడు పిన్నీ" అంది.

"చదువు" అన్నాను.

పేజీ తిప్పాం. ఎక్స్‌టన్ వచ్చాడు.