నో ఎర్రర్ అని పెట్టేముందు ఆ వాక్యాన్ని ఒకసారి తెలుగులో చెప్పుకోండి

పోయిన ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి, అంటే డిగ్రీ అయినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్షకి చదువుతోంది, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే మళ్ళీ రాత్రికే రూముకి రావడం. మ్యాథ్స్, రీజనింగ్ బాగానే చేస్తుంది, మాక్ టెస్టుల్లో ఇంగ్లీష్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతోంది. "అక్కా, ఎర్రర్ స్పాటింగ్‌లో నాకు అన్నీ కరెక్ట్‌గానే కనిపిస్తున్నాయే, ఏది చూసినా నో ఎర్రర్ పెట్టాలనిపిస్తోంది, రూల్స్ అన్నీ చదివా కానీ ప్రశ్న చూడగానే ఒక్కటీ గుర్తురావట్లేదు" అంది. ఎర్రర్ స్పాటింగ్ అంటే ఇచ్చిన ఇంగ్లీష్ వాక్యంలో ఏ ముక్కలో తప్పుందో పట్టుకోవడం, ఎక్కడా తప్పు లేకపోతే నో ఎర్రర్ పెట్టాలి. ఏడుపు ఆపుకుని మాట్లాడుతోందని గొంతులో తెలిసిపోయింది. ఆ మాట విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే నేను కూడా పది దాకా ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియంలోనే చదువుకున్నా, రెండు అటెంప్టులు ఈ ఇంగ్లీష్ వల్లే పోయాయి, మూడోసారి గట్టెక్కా. ఆ మూడోసారికి నేను ఏం మార్చానో ఇన్నాళ్ళూ ఎక్కడా వివరంగా రాయలేదు.

ముందు దానికి చెప్పింది ఇదే, నీ చెవిని నమ్మకమ్మా అని. కోచింగ్‌లో అందరూ చెప్పేది ఒకటే కదా, రోజూ ఇంగ్లీష్ పేపర్ చదువు, వాక్యం చదివితే ఎక్కడ తేడాగా ఉందో చెవికే తెలిసిపోతుంది అని. చిన్నప్పట్నుంచి ఇంట్లో మంచి ఇంగ్లీష్ విన్నవాళ్ళకి అది నిజమే. మన చెవి ఏం విని పెరిగింది? "వన్ ఆఫ్ మై ఫ్రెండ్", "డిస్కస్ అబౌట్ ద మ్యాటర్", "రిటర్న్ బ్యాక్", "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్", ఇవన్నీ స్కూల్లో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం, మనమూ అన్నాం, కాబట్టి ఎగ్జామ్‌లో అవే వస్తే చెవికి కమ్మగా వినిపిస్తాయి, వేలు దానంతట అదే నో ఎర్రర్ మీదికి పోతుంది. పేపర్ చదవడం మానమని చెప్పట్లేదు, అది రీడింగ్ కాంప్రహెన్షన్‌కి బాగా పనికొస్తుంది, కానీ ఆరు నెలల్లో ఎగ్జామ్ పెట్టుకుని చెవి మారేదాకా ఆగలేం.

రెండోది ఇంకా పెద్ద మాట అంటారు, ఇంగ్లీష్‌లోనే ఆలోచించు, తెలుగుని పక్కన పెట్టెయ్ అని. ఇది విని నేను రెండేళ్ళు పోగొట్టుకున్నా. ఎర్రర్ స్పాటింగ్‌లో మనకున్న పెద్ద ఆసరా తెలుగే, ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో తెలిస్తే చాలు.

ఈ వాక్యం చూడండి. "ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ షాప్స్ ఆర్ నాట్ గుడ్." ఇంగ్లీష్‌లో చదివితే షాప్స్ పక్కన ఆర్ ఉంది, మ్యాంగోస్ కూడా బహువచనమే, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఇప్పుడు తెలుగులో చెప్పండి: ఈ షాపుల్లో అమ్మే మామిడిపళ్ళ క్వాలిటీ బాలేదు. బాలేదు అన్నాం, బాలేవు అనలేదు. ఏం జరిగిందంటే, ఇంగ్లీష్‌లో అసలు సబ్జెక్ట్ ముందొచ్చేసి దాని వెనకాల ఆఫ్ అనీ ఇన్ అనీ సోల్డ్ అనీ తోకలన్నీ తగులుతాయి, వెర్బ్ వచ్చేసరికి సబ్జెక్ట్ ఎక్కడో వెనకబడిపోతుంది. తెలుగులో ఆ తోకలన్నీ పేరుకి ముందే వచ్చేస్తాయి, కర్త వచ్చి క్రియ పక్కనే కూర్చుంటుంది. ఎగ్జామ్ పేపర్ తయారుచేసేవాళ్ళు సబ్జెక్ట్‌కీ వెర్బ్‌కీ మధ్య కావాలనే దూరం పెంచుతారు, మనం తెలుగులో చెప్పుకుంటే ఆ దూరం పోతుంది. ఇది నాకు తట్టిన రోజు రాత్రి పాత పేపర్లు ముందేసుకుని సబ్జెక్ట్ వెర్బ్ ప్రశ్నలన్నీ ఇలాగే చేసుకుంటూ పోయా, దాదాపు అన్నీ వచ్చేశాయి, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

"ఈచ్ ఆఫ్ ద బాయ్స్ వర్ గివెన్" అంటే "అబ్బాయిల్లో ప్రతి ఒక్కడికీ", ఒక్కడు అని మన నోటితోనే వచ్చేస్తోంది కదా, కాబట్టి వాజ్. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అంటే "మా ఫ్రెండ్స్‌లో ఒకడు", ఫ్రెండ్‌లో ఒకడు అని ఎవరూ అనరు, కాబట్టి ఫ్రెండ్స్. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" తప్పు, "వాన పడితే" అంటాం, ఆ పడితేలో ఫ్యూచర్ ఏమీ లేదు, "వెన్ షి విల్ కమ్" కూడా అంతే, "ఆమె వచ్చినప్పుడు". "ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ హానెస్ట్" అన్నదాన్ని "పేదవాడైనా నిజాయితీగా ఉంటాడు" అని చెప్పుకుంటే కలిపే ముక్క ఒక్కటే వచ్చింది, అయినా అని, ఇంక బట్ ఎందుకు? ఇవన్నీ రూల్ నంబర్ వేసి బట్టీపట్టిన రోజుల్లో నాకు ఎగ్జామ్ హాల్లో ఒక్కటీ గుర్తొచ్చేది కాదు.

అయితే రెండుచోట్ల జాగ్రత్త. ఒకటి గౌరవం. "ద ప్రిన్సిపాల్ అలాంగ్ విత్ ద టీచర్స్ ఆర్ కమింగ్" వచ్చిందనుకోండి, మనం ప్రిన్సిపాల్ గారు వస్తున్నారు అంటాం, ఆ రు వల్ల బహువచనంలా వినిపించి ఆర్ కరెక్టే అనిపిస్తుంది. అందుకే టెస్ట్ చేసేటప్పుడు అందర్నీ వాడు అనే అనుకోవాలి, టీచర్లతో కలిసి వాడు వస్తున్నాడు, కాబట్టి ఈజ్. రెండోది రాలేదు, చెయ్యలేదు లాంటివి. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ ఒకటే రూపం, కాబట్టి "నైదర్ ఆఫ్ ద టూ" లాంటి వాక్యాల్లో తెలుగు ఏమీ చెప్పదు, అక్కడ మాత్రం రూల్ నేర్చుకోవాల్సిందే, నైదర్ ఆఫ్ వస్తే ఏకవచనం.

ఆర్టికల్స్ సంగతికొస్తే, తెలుగులో ఎ, యాన్, ద అనేవి అసలు లేవు కాబట్టి అది మనకి కష్టమే, ద ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో అలవాటు మీదే వస్తుంది. కానీ ఎ కావాలా యాన్ కావాలా అనేదానికి మాత్రం మన లిపిని మించిన దారి లేదు. ఇంగ్లీష్ అక్షరం చూడకండి, ఆ మాటని తెలుగులో రాసుకోండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. యూనివర్సిటీ, య వచ్చింది, ఎ యూనివర్సిటీ. యూరోపియన్ అంతే. వన్ రూపీ నోట్, వ వచ్చింది, ఎ వన్ రూపీ నోట్. అవర్, అ వచ్చింది, యాన్ అవర్. ఎమ్మెల్యే, ఎ వచ్చింది, యాన్ ఎమ్మెల్యే, అలాగే యాన్ ఎఫ్ఐఆర్. కాకపోతే ఆ మాటని ఎలా పలకాలో తెలిసుండాలి, హానెస్ట్ అని మనం హ రాస్తాం కానీ అసలు పలికేది ఆనెస్ట్, కాబట్టి యాన్. ఇలా హ పలకని మాటలు ఎగ్జామ్‌లో తిరిగి తిరిగి అవే వస్తాయి, పెద్ద లిస్టేమీ కాదు.

ఇంక తెలుగు మనల్ని ముంచే చోటు ప్రెపొజిషన్స్. నా తప్పులు రాసుకునే నోట్‌బుక్ మొత్తం తిరగేస్తే సగానికి సగం ఇవే ఉండేవి. ఏదో ఒక గుడ్డి తప్పు చేస్తున్నానని అనుకునేదాన్ని, తర్వాత ఒకరోజు వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతి తప్పు వెనకా ఒక తెలుగు విభక్తి కూర్చుని ఉంది. విషయం గురించి చర్చించాం, అందుకని డిస్కస్ అబౌట్. గదిలోకి వచ్చాడు, అందుకని ఎంటర్డ్ ఇంటూ ద రూమ్. స్టేషన్‌కి చేరాం, అందుకని రీచ్డ్ టు ద స్టేషన్. వాళ్ళ మీద దాడి చేశారు, అందుకని అటాక్డ్ ఆన్. ఈ నాలుగు వెర్బులకీ ఇంగ్లీష్‌లో ప్రెపొజిషన్ అక్కర్లేదు. డాక్టర్‌తో పెళ్ళయింది కాబట్టి మ్యారీడ్ విత్ అనేస్తాం, కావాల్సింది టు. కాఫీ కంటే టీ ఇష్టం అంటాం కాబట్టి ప్రిఫర్ టీ దాన్ కాఫీ అనేస్తాం, అక్కడా టు యే, సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అన్నిటికీ టు. చిన్నప్పుడు బళ్ళో కొరకున్, కై, చేతన్, తోడన్ అని విభక్తులు వల్లించాం కదా, ఆ లిస్టే తీసుకుని ఒక్కో దాని కింద నేను చేసిన తప్పులు రాసుకున్నా. అప్పట్నుంచి వాక్యంలో కి, లోకి, మీద, గురించి, కంటే అని నా మనసుకి తట్టగానే అక్కడ ఆగి మళ్ళీ చూడడం అలవాటైంది.

నుంచి అనే మాట అయితే ఒక్కటే రెండు తప్పులు చేయిస్తుంది. ఐదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నా అంటాం. ఈ నుంచికి సిన్స్ వేస్తాం, ఉంటున్నాకి యామ్ లివింగ్ వేస్తాం, రెండూ పోయాయి. ఎన్నాళ్ళు అని లెక్క చెప్తే ఫర్, ఎప్పట్నుంచి అని మొదలు చెప్తే సిన్స్, రెంటికీ హావ్ బీన్ లివింగ్. సలహాలు, వివరాలు, సామాన్లు, వార్తలు అని మనం బహువచనంలో అంటాం కాబట్టి అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, లగేజెస్, న్యూస్ ఆర్ అనేవి మనకి తప్పుగా కనిపించవు. చెప్పాడు అనేదానికి సెడ్, టోల్డ్ రెండూ ఒకటే అనిపిస్తాయి, టోల్డ్ తర్వాత ఎవరికి చెప్పాడో ఉండాలి, "హీ టోల్డ్ దట్" అని వదిలేస్తే తప్పు.

నో సూనర్ వస్తే దాన్, హార్డ్లీ వస్తే వెన్, లెస్ట్ వస్తే షుడ్, ఇలాంటివి బట్టీ పట్టెయ్యడమే, వాటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ప్రాక్టీస్ ఎలా అంటే, మా చెల్లి రోజుకి రెండొందల వాక్యాలు చేస్తోందంట, యాప్‌లో గ్రీన్ వస్తే ముందుకి, రెడ్ వస్తే ఎక్స్‌ప్లనేషన్ చదివి ముందుకి. ఇరవై చాలని చెప్పా. ఎస్ఎస్‌సీ వాళ్ళవే పాత పేపర్లు తీసుకో, ఎవరెవరో షేర్ చేసే పీడీఎఫ్‌లలో ఆన్సర్ కీలోనే తప్పులుంటాయి, తప్పు కీ చూసి నేర్చుకున్నది తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం. ప్రతి వాక్యంలో ముందు వెర్బ్ కింద గీత గియ్యి, తర్వాత దాని సబ్జెక్ట్ కింద, తర్వాత తెలుగులో చెప్పుకో, తర్వాత ప్రెపొజిషన్లు. నో ఎర్రర్ పెట్టాలన్నా ఈ పనంతా చేశాకే పెట్టాలి, ఏమీ దొరకలేదు కాబట్టి నో ఎర్రర్ అనడానికీ, అన్నీ చూశాను కాబట్టి నో ఎర్రర్ అనడానికీ చాలా తేడా ఉంది. నోట్‌బుక్‌లో రూల్ రాయొద్దు, నువ్వు ఎందుకు కరెక్ట్ అనుకున్నావో అది రాయి, పక్కన తెలుగు వాక్యం రాయి. నెల తిరిగేసరికి నువ్వు పడే గోతులు ఏవో నీకే తెలుస్తాయి, అందరికీ అవి వేరేవేరేగా ఉంటాయి. మొదట్లో ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు పడుతుంది, కంగారుపడొద్దు, రెండు నెలల్లో నాకు పదిహేను ఇరవై సెకన్లకి వచ్చేసింది.

ఇంత కష్టం అవసరమా అనేవాళ్ళ కోసం లెక్క చెప్తా. సీజీఎల్ మొదటి దశ, అంటే టైర్ 1లో 100 ప్రశ్నలకి 60 నిమిషాలు, అందులో ఇంగ్లీష్ 25, ఒక్కోటి 2 మార్కులు, తప్పుకి అర మార్కు పోతుంది. కానీ టైర్ 1 క్వాలిఫై అవడానికే, మెరిట్ అంతా టైర్ 2లో. అక్కడ పేపర్ 1లో మెరిట్‌కి లెక్కేసే 390 మార్కుల్లో ఇంగ్లీష్ ఒక్కటే 135, 45 ప్రశ్నలు ఒక్కోటి 3 మార్కులు, తప్పుకి 1 మార్కు కోత. మ్యాథ్స్ 90, రీజనింగ్ 90. అంటే అన్నిటికంటే ఎక్కువ మార్కులున్నది మనం భయపడి వదిలేసే దాంట్లోనే. 2023 నుంచి ఇంటర్, పది అర్హతతో ఎస్ఎస్‌సీయే పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్, ఎంటీఎస్ పరీక్షలు తెలుగులో కూడా రాయొచ్చు, చాలా మంచి మార్పు అది, మా టైమ్‌లో ఉంటే బాగుండేది, అయినా ఇంగ్లీష్ సెక్షన్ మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. బ్యాంకుల వైపు వెళ్ళినా బ్యాంకు ఆఫీసర్ పోస్టుల ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్ 30 ప్రశ్నలకి 20 నిమిషాలు, పైగా సెక్షన్ కటాఫ్, అంటే ఆ ఒక్క సెక్షన్‌లోనే ఇన్ని మార్కులు రావాలని ఉంటుంది. గ్రామీణ బ్యాంకుల ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్ లేదు కదా అని అటు పోతే మెయిన్స్‌లో ఇంగ్లీషో హిందీయో ఒకటి రాయాలి.

ఆదివారం నుంచి మా చెల్లి రోజూ రాత్రి పడుకునేముందు నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపుతోంది. మొదటి రెండు రోజులు తెలుగు వాక్యాలు కూడా ఇంగ్లీష్ వరసలోనే రాసింది, "నాణ్యత మామిడిపళ్ళది అమ్మబడే" అని, అలా కాదే, అమ్మకి ఫోన్లో చెప్తున్నట్టు రాయమన్నా. నిన్నటి పేజీలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీసి పంపింది. "ద నంబర్ ఆఫ్ వేకెన్సీస్ హావ్ ఇంక్రీజ్డ్." పక్కన పెన్సిల్‌తో "ఖాళీల సంఖ్య పెరిగింది. పెరిగింది, పెరిగాయి కాదు. హాజ్." కింద ఇంకో లైను, "ఎ నంబర్ ఆఫ్ వేకెన్సీస్ అయితే చాలా ఖాళీలు ఉన్నాయి, అప్పుడు హావ్ వస్తుంది కదక్కా?"

వస్తుంది అని రిప్లై పెట్టా. వెంటనే ఇంకో ఫోటో వచ్చింది, రేపటి ఇరవై వాక్యాలకి వెర్బుల కింద అప్పుడే గీతలు గీసేసి ఉన్నాయి.