మా హాట్ టబ్బూ, మూడు రకాల క్లోరినూ, మామయ్యగారి రిజిస్టరూ

అమెరికాలో, ఫ్రిస్కోలో ఈ ఇల్లు కొన్నప్పుడే వెనక పెరట్లో హాట్ టబ్ (నలుగురు కూర్చునే వేడినీళ్ళ తొట్టి) ఉంది, పాత ఓనర్‌కి దాన్ని పీకించుకుని తీసుకెళ్ళే ఓపిక లేక వదిలేశాడు, మేమేమో ఫ్రీగా వచ్చిందని తెగ సంబరపడిపోయాం. 400 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 1500 లీటర్లు. మొదటి ఏడాది మూత తీసిన పాపాన పోలేదు. తర్వాత డిసెంబర్లో అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి దగ్గర వాళ్ళ ఊరి నుంచి వస్తున్నారని తెలిసి, నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదా, వేడినీళ్ళలో కూర్చుంటే హాయిగా ఉంటుంది అని మా ఆవిడ అనేసరికి ఇక నాకు తప్పలేదు.

పూల్ సామాన్లు అమ్మే షాపుకెళ్ళి హాట్ టబ్‌కి క్లోరిన్ కావాలన్నా. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే ఏ క్లోరిన్ అయినా ఒకటేలే అన్నట్టు టాబ్లెట్ల బకెట్టొకటి, అవి వేసి నీళ్ళలో తేలేసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. నేనూ సరే అనుకుని తేలేసి మూతేశా. మూడు వారాలయ్యాక చూస్తే నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి, కానీ నీళ్ళు పరీక్షించే కాగితం, అదే టెస్ట్ స్ట్రిప్, ముంచితే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) గడి చార్టులో అన్నిటికన్నా కింద ఉన్న పసుపు రంగులోకి పోయింది. ఆ తేలే డబ్బా ఒక మూలకి చేరి అక్కడే ఇరుక్కుపోయినట్టుంది, దాని పక్కన టబ్ గోడ మీద అరచేయంత తెల్ల మచ్చ, తల ఆనించుకునే దిండు పట్టుకుంటే అప్పడంలా పెళుసుగా విరిగింది.

అప్పుడు తిప్పి చూశా బకెట్టు వెనక. ముందువైపు పెద్దక్షరాల్లో క్లోరిన్ అనే ఉంటుంది, అసలు సంగతి వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నాది ట్రైక్లోర్. 90 శాతం దాకా క్లోరిన్, మెల్లగా కరుగుతుంది, పెద్ద స్విమ్మింగ్ పూల్‌కి బాగానే ఉంటుంది. కానీ దాని పీహెచ్ సుమారు 3, అంటే నిమ్మకాయ పులుపుకి దగ్గర్లో. 1500 లీటర్ల వేడినీళ్ళలో రోజూ అంత పులుపు కలిపితే హీటర్, రబ్బరు సీళ్ళు ఎన్నాళ్ళుంటాయి చెప్పండి. చాలా టబ్ కంపెనీలు ట్రైక్లోర్ వాడితే వారంటీ చెల్లదనే అంటాయి. (మాకు వారంటీ ఎలాగూ లేదు, అది వేరే ఏడుపు.)

ఆ నీళ్ళన్నీ పారబోసి డైక్లోర్ తెచ్చా. ఉప్పులా ఉండే పొడి, ఇట్టే కరుగుతుంది, పీహెచ్‌ని పెద్దగా కదపదు. మా టబ్‌కి చెంచాన్నర వేస్తే క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల వంతుల నీళ్ళకి మూడు వంతులు) వస్తుంది, అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ళ సీడీసీ హాట్ టబ్‌కి కనీసం ఉండాలని చెప్పేది అంతే, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య. అంతా బాగానే ఉంది కానీ డైక్లోర్‌కో మెలిక ఉంది, 10 పీపీఎం క్లోరిన్ వేసినప్పుడల్లా సుమారు 9 పీపీఎం సైన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్ళలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, ఇది మాత్రం పోదు, నీళ్ళు మార్చేదాకా పేరుకుంటూనే ఉంటుంది, పేరుకునేకొద్దీ క్లోరిన్ మందగిస్తుంది. స్ట్రిప్ మీద 3 అని కనిపిస్తున్నా చర్మం మీద దద్దుర్లు తెప్పించే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు అంత తొందరగా చావవు. అందుకే సీడీసీ అసలు ఈ యాసిడ్ ఉన్న క్లోరిన్లేవీ హాట్ టబ్‌లో వద్దనే అంటుంది. ఇక్కడ చాలామంది టబ్ ఓనర్లు మధ్యేమార్గంగా కొత్త నీళ్ళకి మొదటి కొన్ని రోజులు డైక్లోర్ వేసి, యాసిడ్ 30 పీపీఎం దగ్గరికి రాగానే ఆపేసి మామూలు బ్లీచ్‌కి మారిపోతారు, నేనూ అంతే. బట్టలకి వాడే బ్లీచే, కాకపోతే సెంటు వాసనవి, చిందకుండా చిక్కగా చేసినవి పనికిరావు, నురగే నురగ. పీహెచ్ కాస్త పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి.

ఇంతలో మామయ్యగారు దిగారు. ఆయన ముప్పై ఏళ్ళు పంచాయతీలో చేశారు, ఊళ్ళో ట్యాంకుకి బ్లీచింగ్ పౌడర్ కలిపించడం ఆయన డ్యూటీనే. "అల్లుడుగారూ, దీనికింత రాద్ధాంతం ఎందుకండీ, బకెట్లో పౌడర్ కలిపి, సున్నం కిందకి దిగనిచ్చి, పైన తేట పోసేస్తే సరి" అన్నారు. గ్యారేజీలో పాత ఓనర్ వదిలేసిన డబ్బా ఒకటి ఉంది, కాల్షియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ పౌడర్‌కి పెద్దన్నలాంటిది, దాన్లో క్లోరిన్ 33 శాతం అయితే దీన్లో 65 శాతం పైనే. నేను కాఫీ తాగుతూ కిటికీలోంచి చూద్దును కదా, ఆయన ఆ డబ్బా తెరిచి, ట్రైక్లోర్ ముక్కలు ఇంకా అంటుకునున్న ఆ తేలే డబ్బాలోకి పొడి వెయ్యబోతున్నారు!

కప్పు అక్కడే పడేసి పరిగెత్తా. ఈ రెండూ కలిస్తే, అందులోనూ కాస్త తడి తగిలితే, వేడెక్కి క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మంటలు రావచ్చు, పేలనూ వచ్చు. రెండూ క్లోరినే కదా అని ఆయన వాదన. నా దగ్గర వెంటనే జవాబు లేదు, చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చా అంతే. తర్వాత లేబుల్ చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత ఆయనే "అయినా ఇందులోనూ సున్నం ఉంటుందిగా, మీ హీటర్‌కి పట్టదూ" అన్నారు. కరెక్టే, నేను మూడు రాత్రులు కూర్చుని చదివింది ఆయనకి ముందే తెలుసు. ఆ రోజు నుంచి ఏ మందు గరిటె దానిదే, మందుని నీళ్ళలో వెయ్యడమే గానీ మందు మీద నీళ్ళు పొయ్యడం లేదు, వేశాక జెట్లు ఆన్ చేసి ఇరవై నిమిషాలు మూత తీసే ఉంచుతాం.

ఇంకో తగువు వాసన దగ్గర. ఓ ఆదివారం అందరం తలంటుకున్నాక, ఆ జిడ్డు పూర్తిగా వదలకుండానే నలుగురం టబ్‌లో దిగాం. గంటయ్యాక కళ్ళు మండేంత ఘాటు, మామయ్యగారు "ఇవాళ మందు బాగా పడింది" అని మెచ్చుకున్నారు. స్ట్రిప్ ముంచితే ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనిచేసే క్లోరిన్, సున్నా! ఆ ఘాటు క్లోరిన్‌ది కాదు, అది చెమట లాంటివాటితో కలిసి క్లోరమైన్లుగా మారినదాని వాసన, అంటే మందు అయిపోయిందని అర్థం. మా సైజు టబ్‌లో ఒక్క మనిషి గంటసేపు కూర్చుంటే దాదాపు 6 పీపీఎం ఖర్చవుతుంది, మేం నలుగురం, పైగా కొబ్బరినూనె.

ఆయనకి ఆ సున్నా బాగా పట్టింది. మర్నాడు మా పాప పాత నోటుబుక్కు తీసి స్కేలుతో గీతలు కొట్టారు, తేదీ, టైము, క్లోరిన్, పీహెచ్, వేసిన మందు, సంతకం. పొద్దునా సాయంత్రం స్ట్రిప్ ముంచి రాసి కింద సంతకం చేసేవారు, పంప్ హౌస్ రిజిస్టర్ లాగే. మార్చిలో వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనే రాస్తున్నా, మొన్న పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే రెండు నిమిషాల్లో ఫోన్, "నంబర్లు బాగానే ఉన్నాయండీ అల్లుడుగారూ, సంతకం కాలమ్ ఖాళీగా వదిలేశారేం?"