తమ్ముడి కాఫీ

ఆదివారం, రాత్రి.

"కాఫీతో నడుస్తున్నప్పుడు టాబ్లెట్ ఎందుకక్కా?" అని తమ్ముడు ఈరోజు అడిగేశాడు. అడిగింది వాడైనా, మా ఇంట్లో అందరి మనసులోనూ ఉన్నదే అది. అమ్మ ఆశ కూడా అదే.

వాడికి ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పట్నుంచీ ధ్యాస, కుదురు నిలవని సమస్య, అయి ఉండొచ్చని డాక్టర్ గారు అనుకుంటున్నారు. 12 ఏళ్ళ లోపే లక్షణాలు కనబడ్డాయో లేదో చూడాలి, చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులుంటే తెమ్మన్నారు. అమ్మ పొద్దున్నే గాజువాకలో బస్సెక్కి, ఇనప్పెట్టె అడుగున దాచినవన్నీ పట్టుకొచ్చింది. ఐదో తరగతి కార్డులో టీచర్ గారి రాత: "తెలివైన పిల్లవాడు. కుదురు లేదు. పని మొదలుపెడతాడు, పూర్తి చేయడు." నా కార్డుల మీదా ఇంచుమించు ఇవే మాటలు. నాకూ ఇదే ఉందని తేలేసరికి ముప్పై దాటాయి. వాడికి 24కే తేలబోతోంది. అది ఎంత అదృష్టమో అమ్మకి చెబుదామనుకుంటే గొంతు పెగల్లేదు. అమ్మ ఆ కార్డు వంకే చూస్తూ "దీనికే కదే వీణ్ణి అన్ని దెబ్బలు కొట్టాను" అంది.

వాడు అక్కయ్యపాలెంలో రూము తీసుకుని ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నాడు. లేవగానే ఇన్‌స్టంట్ కాఫీ, క్లాసుల మధ్య టీ, మధ్యాహ్నం మళ్ళీ కాఫీ, రాత్రి పుస్తకం తీసేముందు ఇంకోటి. "తాగాక ఓ గంటన్నర బుర్ర నిలబడుతుంది" అంటాడు. నమ్ముతాను. మెదడుకి అలసటని తెలియజేసే అడెనొసిన్‌ని కెఫీన్ అడ్డుకుంటుంది, ఆ ప్రభావం కొంతవరకు ధ్యాస నిలపడానికి తోడ్పడే డోపమిన్ అనే మెదడు రసాయనం మీదా పడుతుంది. అంచేత వాడిది ఉత్త భ్రమ అని ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ నేను వాడే టాబ్లెట్, మిథైల్‌ఫెనిడేట్, పని వేరు. విడుదలైన డోపమిన్‌నీ, అలాంటిదే ఇంకో రసాయనం నోరెపినెఫ్రిన్‌నీ నరాల కణాలు వెంటనే వెనక్కి లాగేసుకోకుండా ఆపుతుంది. నా అనుభవంలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాఫీ తాగితే మెలకువ వస్తుంది, ఆ మెలకువతో ఏ పని చేస్తానో చెప్పలేను. జీఎస్టీ రిటర్న్ తెరిచి పెట్టుకుని, మహా చురుగ్గా ఇంకేదో ఫైలు సర్దుతూ ఉంటాను. టాబ్లెట్ వేసుకున్న పూట మధ్యలో ఫోనొచ్చినా, ఎవరైనా పిలిచినా, తిరిగి ఆ రిటర్న్ దగ్గరికే వస్తాను.

కాఫీతో సరిపెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1973లోనే ఒక అమెరికన్ సైకియాట్రిస్టు, కుదురులేని పిల్లలకి ఈ మందుల బదులు కాఫీ పనికొస్తుందని పత్రికలో రాశాడు. తర్వాత మిగతావాళ్ళు కెఫీన్‌నీ మందునీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే మందే బాగా ముందుంది. తమ్ముడికి ఇది చెబితే "అది పిల్లల మీద కదా" అన్నాడు. మంచి ప్రశ్నే. బుధవారం డాక్టర్ గారిని అడగమన్నాను.

నాకు బెంగగా ఉండేది మోతాదు సంగతి. నా టాబ్లెట్‌లో 10 మిల్లీగ్రాములంటే ఏ రోజైనా 10. వాడి గ్లాసులో ఎంతుందో ఎవరు చెప్పగలరు? మా ఇంట్లో కలిపేది అరకు కాఫీ, అరబికా రకం. రోబస్టా అనే ఇంకో రకంతో పోలిస్తే అందులో కెఫీన్ దాదాపు సగమే ఉంటుంది. డికాషన్ పొడిలో చికోరీ ఎంత ఎక్కువ కలిపితే కెఫీన్ అంత తగ్గుతుంది, చికోరీలో అది బొత్తిగా ఉండదు. టీ కొట్లో ఎంతసేపు మరిగిస్తారన్నది ఆ పూట రద్దీని బట్టి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటారు. వాడు అందులో ఉన్నాడో, దాటాడో వాడికే తెలీదు.

ఇక నిద్ర. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. తొమ్మిదింటికి తాగినది రాత్రి రెండింటికి ఇంకా సగం ఉంటుంది. అసలే మాలాంటివాళ్ళకి నిద్ర ఆలస్యం. పొద్దున్నే తల బరువు, దానికి మందుగా మళ్ళీ కాఫీ. వాడి కళ్ళ కింద నలుపు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

అయినా వాడి మొగ్గు కాఫీ వైపే ఎందుకుందో నాకు తెలుసు. సైకియాట్రిస్టు అనగానే మావాళ్ళకి చినవాల్తేరు మానసిక ఆసుపత్రి గుర్తొచ్చి గొంతు తగ్గిపోతుంది. పైగా నా మందు షెడ్యూల్ ఎక్స్‌లోది, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలోది. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలుండాలి, ఒకటి మందుల షాపువాళ్ళు రెండేళ్ళు భద్రపరచాలి. అన్ని షాపుల్లోనూ దొరకదు. కాఫీకి ఎవరూ చీటీ అడగరు, ఎవరూ అదోలా చూడరు. స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసినన్నాళ్ళూ నాన్న ఫ్లాస్కు నిండా టీ పట్టుకెళ్ళేవారు. ఆయనకి ఏ పేరూ తగిలించను గానీ, ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బలంగా నడిచే లక్షణమని తెలిశాక ఆ ఫ్లాస్కు గురించి చాలాసార్లు ఆలోచించాను.

"ఏటే, ఆ బిళ్ళలకి అలవాటు పడిపోతేనో?" అంది అమ్మ, వంకాయలు తరుగుతూ. ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. డాక్టర్ చెప్పిన మోతాదులో, బీపీ, గుండె వేగం చూసుకుంటూ వాడుతున్నానని చెప్పాను. కాఫీ కూడా ఆ రెంటినీ పెంచగలదు కాబట్టే నాకు రోజుకి ఒక్క గ్లాసే ఉంచారని చెప్పాను. అటోమాక్సెటీన్ అని, నా టాబ్లెట్‌లా స్టిమ్యులెంట్ (ఉత్తేజపరిచే రకం) కాని మందు ఒకటి ఉంది, కాకపోతే గుణం కనబడడానికి వారాలు పడుతుంది, దాని గురించీ అడగొచ్చన్నాను. అమ్మ మాట్లాడలేదు, కానీ విన్నది.

తమ్ముడు చివరికి రెండు ఒప్పుకున్నాడు. ఏది తాగినా, ఎన్ని గంటలకి తాగాడో ఫోన్‌లో రాసుకుంటాడు. మధ్యాహ్నం తర్వాతవి మెల్లగా తగ్గిస్తాడు, ఒక్కసారిగా మానితే తలనొప్పి పట్టుకుంటుంది కదా. టాబ్లెట్‌కి మాత్రం ఇంకా "ఊఁ" అనలేదు. అనమని నేనూ పట్టుబట్టలేదు. అది వాడూ డాక్టరూ కూర్చుని తేల్చుకోవలసింది.

బుధవారం సాయంత్రం 5కి అపాయింట్‌మెంట్. అమ్మ కూడా వస్తానంది. ఆఫీసులో రెండు గంటలు పర్మిషన్ అడగాలి.